థామస్ జెఫర్సన్

థామస్ జెఫర్సన్ (ఏప్రిల్ 13, 1743 - జూలై 4, 1826) అమెరికా సంయుక్త రాష్ట్రాల మూడవ అధ్యక్షుడు, ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటన యొక్క ప్రధాన రచయిత, వర్జీనియా విశ్వవిద్యాలయ స్థాపకుడు. న్యాయవాదిగా, రాయబారిగా, వాస్తుశిల్పిగా, వ్యవసాయదారుడిగా, గ్రంథసేకర్తగా పలు రంగాలలో కృషి చేశాడు. వీటన్నిటితో పాటు ద్రాక్షతోటల గురించి, వైన్ గురించి ఆ కాలపు అమెరికాలో అతనికి ఉన్నంత పరిజ్ఞానం మరికొద్దిమందికి మాత్రమే ఉండేది. ఏ ఊరి వైన్ మేలైనది, ఏ సంవత్సరపు పంట మంచిది, ఏ సీసాను వెంటనే తాగాలి, దేనిని నేలమాళిగలో కొన్నేళ్ళు దాచాలి అన్న విషయాలను అతడు తోటల వద్దకే వెళ్ళి విచారించి వ్రాసిపెట్టుకున్నాడు. ఆ వ్రాతలు నేటికీ వైన్ చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారాలు.

బాల్యము, విద్య

జెఫర్సన్ వర్జీనియాలోని షాడ్వెల్ అనే చోట జన్మించాడు. తండ్రి పీటర్ జెఫర్సన్ భూస్వామి, భూమి కొలతల నిపుణుడు. తల్లి జేన్ రాండాల్ఫ్ వర్జీనియాలో పేరుగల కుటుంబానికి చెందినది. 1757లో, జెఫర్సన్‌కు పద్నాలుగేళ్ళ వయసులో, తండ్రి మరణించాడు. వారసత్వంగా సుమారు 5,000 ఎకరాల భూమి, బానిసలు అతనికి సంక్రమించారు.

1760లో విలియమ్స్‌బర్గ్ పట్టణంలోని విలియం అండ్ మేరీ కళాశాలలో చేరాడు. తరువాత జార్జ్ విత్ అనే ప్రముఖ న్యాయవేత్త వద్ద అయిదేళ్ళు న్యాయశాస్త్రం చదివి, 1767లో న్యాయవాద వృత్తి ప్రారంభించాడు. చదువుకునే రోజులలోనే వర్జీనియా గవర్నరు ఫ్రాన్సిస్ ఫోకియర్ ఇంటి విందులకు తన గురువులతో కలిసి వెళ్ళేవాడు. అక్కడి సంభాషణలు, సంగీతం, భోజనపు మర్యాదలు ఆ యువకునిపై గాఢమైన ముద్ర వేశాయి. ఆ రోజులలో వర్జీనియా సంపన్నుల ఇళ్ళలో ప్రధానంగా కనబడేది పోర్చుగల్ వారి మదీరా వైన్. అది ఘాటైనది, ఓడ ప్రయాణంలో వేడికి చెడనిది.

వివాహము, మాంటిసెల్లో

షాడ్వెల్‌కు దగ్గరలోని ఒక చిన్న కొండ మీద జెఫర్సన్ తన సొంత నమూనాతో ఇల్లు కట్టడం ప్రారంభించాడు. దానికి ఇటాలియన్ భాషలో చిన్న కొండ అని అర్థం వచ్చే మాంటిసెల్లో అన్న పేరు పెట్టాడు. నిర్మాణం, మార్పులు, కూల్చివేతలు, తిరిగి కట్టడాలు దాదాపు నలభై ఏళ్ళు సాగాయి.

జనవరి 1, 1772న మార్తా వేల్స్ స్కెల్టన్‌ను వివాహమాడాడు. మరుసటి సంవత్సరం మామగారు జాన్ వేల్స్ మరణించగా విస్తారమైన భూములు, 135 మంది బానిసలు, వాటితో పాటు ఇంగ్లాండు వర్తకులకు చెల్లించవలసిన పెద్ద అప్పు ఈ దంపతులకు చేరాయి. అప్పు తీర్చడానికి జెఫర్సన్ భూమి అమ్మాడు. కాని విప్లవకాలంలో కాగితపు డబ్బు విలువ పడిపోవడంతో అమ్మిన సొమ్ము కరిగిపోయి అప్పు మాత్రం మిగిలింది. ఈ అప్పు అతడిని జీవితాంతం వెంటాడింది. మార్తా సెప్టెంబర్ 6, 1782న మరణించింది. ఆరుగురు సంతానంలో మార్తా, మేరీ అనే ఇద్దరు కుమార్తెలు మాత్రమే పెరిగి పెద్దవారయ్యారు.

తొలి ద్రాక్షతోట

1773లో ఫిలిప్ మజ్జెయి అనే ఇటలీ దేశస్థుడు టస్కనీ నుండి కొందరు తోటమాలులను వెంటబెట్టుకొని వర్జీనియా వచ్చాడు. జెఫర్సన్ అతనికి మాంటిసెల్లో పక్కనే స్థలం ఇప్పించాడు. అమెరికాలో ఐరోపా ద్రాక్ష పెంచి వైన్ తయారుచేయాలని ఒక సంస్థను నెలకొల్పగా జార్జ్ వాషింగ్టన్, జెఫర్సన్ వంటివారు అందులో వాటాలు తీసుకున్నారు. అయితే 1774 మే నెలలో కురిసిన మంచు లేత మొక్కలను దెబ్బతీసింది. ఆ తరువాత యుద్ధం వచ్చింది. 1779లో ఆ తోటను అద్దెకు తీసుకున్న జర్మన్ సేనాని గుర్రాలు మిగిలిన మొక్కలను తొక్కివేశాయి.

జెఫర్సన్ ఈ ప్రయత్నం విడిచిపెట్టలేదు. 1807లో మాంటిసెల్లో తోటలో 24 రకాల ఐరోపా ద్రాక్షకు చెందిన 287 మొక్కలను నాటించాడు. అవి కూడా నిలవలేదు. వేళ్ళను తొలిచే ఫిలోక్సెరా అనే పురుగు, ఆకులను, కాయలను మాడ్చివేసే శిలీంధ్ర తెగుళ్ళు ఇందుకు ప్రధాన కారణాలని నేటి శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆ పురుగు సంగతి 1860ల చివరలో ఫ్రాన్సు తోటలు నాశనమైనప్పుడు గాని ప్రపంచానికి తెలియలేదు. పురుగును తట్టుకొనే అమెరికా ద్రాక్ష వేరుకు ఐరోపా ద్రాక్షను అంటుకట్టడం దానికి పరిష్కారమయింది. జెఫర్సన్ తోటకు కావలసిన మందు అతని చుట్టూ ఉన్న అడవి ద్రాక్ష వేళ్ళలోనే ఉన్నదన్నమాట.

ద్రాక్ష పండినంత మాత్రాన మేలైన వైన్ రాదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఉదాహరణకు హైదరాబాదు పరిసరాలలో, రంగారెడ్డి జిల్లాలో పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ, థాంసన్ సీడ్‌లెస్ వంటివి ప్రధానంగా తినే ద్రాక్షలు. దీర్ఘకాలం నిలవ ఉండే రెడ్ వైన్‌కు తొక్క మందంగా, గింజ గట్టిగా, కాయ చిన్నదిగా ఉండే రకాలు కావాలి. ఆ తొక్కలోను, గింజలోను ఉండే వగరు పదార్థమే (టానిన్) వైన్‌ను కాపాడుతుంది.

స్వాతంత్ర్య ప్రకటన

1776లో ఫిలడెల్ఫియాలో సమావేశమైన వలసరాజ్యాల కాంగ్రెసు స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదా బాధ్యతను అయిదుగురు సభ్యుల సంఘానికి అప్పగించగా, వ్రాసే పని జెఫర్సన్ చేశాడు. అప్పటికి అతని వయసు 33 సంవత్సరాలు. మనుషులందరూ సమానులన్న భావనను ప్రకటనలో పొందుపరచిన వ్యక్తే తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమానిగా ఉన్నాడు. ఈ వైరుధ్యం అతని జీవితచరిత్రలో అత్యంత చర్చనీయాంశం. 1779 నుండి 1781 వరకు వర్జీనియా గవర్నరుగా పనిచేశాడు.

ఫ్రాన్సులో

1784లో జెఫర్సన్ పారిస్ చేరుకున్నాడు. 1785లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్థానంలో ఫ్రాన్సుకు అమెరికా రాయబారి అయ్యాడు. తనతో తీసుకువెళ్ళిన జేమ్స్ హెమింగ్స్ అనే బానిస యువకునికి అక్కడ ఫ్రెంచి వంటలో శిక్షణ ఇప్పించాడు.

ఫిబ్రవరి 28, 1787న పారిస్ నుండి బయలుదేరి సుమారు మూడున్నర నెలలు దక్షిణ ఫ్రాన్సు, ఉత్తర ఇటలీలలో పర్యటించాడు. విరిగి సరిగా అతకని మణికట్టుకు ఏక్స్ పట్టణపు వేడినీటి బుగ్గలలో చికిత్స చేయించుకోవడం ఒక కారణం కాగా, వ్యవసాయ పద్ధతులు, వ్యాపార అవకాశాలు చూడడం మరొక కారణం. (ఇది హైదరాబాదులో రెండవ నిజాం, నిజాం అలీ ఖాన్ పరిపాలిస్తున్న కాలం.) ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతపు వరి విత్తనం దేశం దాటిస్తే మరణశిక్ష అని తెలిసికూడా జెఫర్సన్ తన కోటు జేబులలో వడ్లు నింపుకొని తెచ్చి, దక్షిణ కరోలినా రైతులకు పంపాడు.

బర్గండీ ప్రాంతంలో అతడు ఒక విషయం గమనించాడు. పొమార్, వోల్నే గ్రామాల కూలీలు మంచి గోధుమ రొట్టె తింటుండగా, పక్కనే ఉన్న మర్సో గ్రామం వారు తక్కువ రకపు రై రొట్టె తింటున్నారు. కారణం విచారించగా, మర్సో వారి తెల్ల వైన్ తరచుగా గుణం చెడి అమ్ముడుపోక మిగిలిపోతుందని, మొదటి రెండు గ్రామాల రెడ్ వైన్‌కు ఆ బాధ తక్కువని తెలిసింది. వైన్ నిలవ ఉండడం, ఉండకపోవడం తాగేవారి రుచికి సంబంధించిన విషయమే కాక పండించేవారి అన్నానికి సంబంధించిన విషయం కూడా అని ఈ పరిశీలన తెలుపుతుంది.

బోర్డో పర్యటన

1787 మే నెలాఖరులో జెఫర్సన్ బోర్డో నగరం చేరుకున్నాడు. అక్కడి వర్తకులను, తోటల వివరాలు తెలిసినవారిని విచారించి రెడ్ వైన్ తోటలను తరగతులుగా విభజించి వ్రాసుకున్నాడు. మొదటి తరగతిలో నాలుగు తోటలను చేర్చాడు. అవి:

- షాతో మార్గో
- షాతో లాతూర్
- షాతో ఓ-బ్రియోం
- షాతో లాఫీత్

తరువాత 68 సంవత్సరాలకు, 1855లో, పారిస్ ప్రదర్శన సందర్భంగా బోర్డో వర్తకులు అధికారికంగా వర్గీకరణ చేసినప్పుడు మొదటి శ్రేణిలో ఈ నాలుగు పేర్లే ఉండడం విశేషం.

ఎప్పుడు తాగాలి, ఎంతకాలం దాచాలి

బోర్డోలో జెఫర్సన్ అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఇదే. మార్గో, లాతూర్, ఓ-బ్రియోం తోటల వైన్ నాలుగు సంవత్సరాలకు గాని పరిపక్వం కాదని, కొంచెం తేలికగా ఉండే లాఫీత్ వైన్ మూడు సంవత్సరాలకే బాగుంటుందని అతడు నమోదు చేశాడు. పంట సంవత్సరాలలో 1784ను ఉత్తమమైనదిగా గుర్తించాడు. 1779 తరువాత అంత మంచి పంట అదొక్కటేనని తెలుసుకొని, ఓ-బ్రియోం తోటకు చెందిన 1784 వైన్ ఆరు డజన్ల సీసాలను వర్జీనియాలోని బంధువు ఫ్రాన్సిస్ ఎప్స్‌కు పంపే ఏర్పాటు చేశాడు. అదే సంవత్సరం డిసెంబరులో తీయని తెల్ల వైన్‌కు పేరుపడిన ఇకెం తోటకు ఉత్తరం వ్రాసి, 1784 పంటవి 250 సీసాలు కావాలని కోరాడు.

ఆ రోజులలో సాధారణ పద్ధతి వేరు. వర్తకులు పీపాలలో వైన్ కొని, తమ గిడ్డంగులలో కొన్నేళ్ళు ఉంచి, అవసరమైతే వేరే ప్రాంతపు ఘాటైన వైన్ కలిపి అమ్మేవారు. పీపాలలో పంపితే దారిలో బండివాళ్ళు, ఓడవాళ్ళు కొంత తాగి నీళ్ళు కలపడం కూడా ఉండేది. అందువలన జెఫర్సన్ నేరుగా తోట యజమానులకే వ్రాసి, తోటలోనే సీసాలలో నింపించి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. 1790లో వాషింగ్టన్ కోసం, తన కోసం కలిపి తెప్పించిన సీసాల పెట్టెలపై ఎవరివి వారికి చేరేలా పేర్ల పొడి అక్షరాలు వేయించాడు.

నిలవ వలన మేలు కలగడం తెలుగువారికి కొత్త విషయం కాదు. పాత బియ్యం, పాత చింతకాయ పచ్చడి కొత్తవాటికన్నా మేలన్నది మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. తాటికల్లు ఇందుకు విరుద్ధం. తెల్లవారుజామున దించినది తీయగా ఉండి, సాయంత్రానికి పులిసిపోతుంది. వైన్‌లో ఈ రెండు జాతులూ ఉన్నాయి. కొత్త రెడ్ వైన్‌లో వగరు ఎక్కువ. బిరడా గుండా అతి స్వల్పంగా చేరే ప్రాణవాయువు వలన ఏళ్ళు గడిచేకొద్దీ వగరు పదార్థాలు, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి మడ్డిగా అడుగుకు చేరుతాయి. రుచి మెత్తబడుతుంది, రంగు ఎరుపు నుండి ఇటుక రంగుకు మారుతుంది, పండ్ల వాసన తగ్గి ఎండుటాకుల వంటి వాసనలు వస్తాయి. గాలి ఎక్కువైతే అదే వైన్ చెడిపోతుంది. వైన్ పక్వతలో గాలి పాత్రను 1860లలో లూయీ పాశ్చర్ ప్రయోగాల ద్వారా వివరించాడు. జెఫర్సన్ కాలంలో ఇది అనుభవజ్ఞానం మాత్రమే.

పంట గుణం, వగరు, పులుపు, దాచే చోటు - ఈ నాలుగింటిని బట్టి ఎంతకాలం ఆగవచ్చునో నిర్ణయిస్తారు. సుమారు 12 నుండి 14 డిగ్రీల సెల్సియస్ చల్లదనం, చీకటి, కొంత తేమ, కదలిక లేకపోవడం అవసరం. బిరడా ఎండకుండా సీసాను పడుకోబెట్టాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో మామూలు గదిలో ఉంచిన సీసా పక్వం కాదు, చెడుతుంది. ప్రపంచంలో తయారయ్యే రెడ్ వైన్‌లో అత్యధిక భాగం కొన్నేళ్ళలోపు తాగవలసినదే. దాచదగినది కొద్దిపాటి మాత్రమే.

అధ్యక్షుడిగా

స్వదేశం తిరిగివచ్చిన జెఫర్సన్ 1790 నుండి 1793 వరకు విదేశాంగ మంత్రిగా, 1797 నుండి 1801 వరకు ఉపాధ్యక్షుడిగా, 1801 నుండి 1809 వరకు రెండు పర్యాయాలు అధ్యక్షుడిగా పనిచేశాడు. 1803లో ఫ్రాన్సు నుండి లూసియానా భూభాగాన్ని 1.5 కోట్ల డాలర్లకు కొనడంతో దేశ విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. విదేశాల నుండి బానిసల దిగుమతిని నిషేధించే చట్టంపై 1807లో సంతకం చేశాడు. అది 1808 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

అధ్యక్షుని జీతం ఏడాదికి 25,000 డాలర్లు. విందుల ఖర్చు కూడా అందులోనుండే భరించవలసి వచ్చేది. కాంగ్రెసు సభ్యులను చిన్న చిన్న బృందాలుగా భోజనానికి పిలిచి, మంచి వంట, మంచి వైన్ నడుమ రాజకీయ విభేదాలను తగ్గించడం అతని పద్ధతి. ఇందుకు పెట్టిన ఖర్చు అతని అప్పులను పెంచింది.

మాంటిసెల్లో నేలమాళిగ

మాంటిసెల్లో భోజనశాలకు సరిగ్గా కింద వైన్ నిలవచేసే నేలమాళిగ ఉంది. భోజనశాల పొయ్యికి ఇరువైపులా గోడలో అమర్చిన చిన్న పెట్టెలు గిలకల సాయంతో కింది నుండి సీసాలను పైకి తెచ్చేవి. అతిథులకు సీసా కనబడేది గాని, దానిని పెట్టెలో ఉంచిన మనిషి కనబడేవాడు కాదు. ఆ పని చేసినవారు బానిసలు. ఇంటి పెత్తనం చూసిన బర్వెల్ కోల్బర్ట్ కూడా బానిసే. పారిస్‌లో వంట నేర్చిన జేమ్స్ హెమింగ్స్ తన తమ్మునికి ఆ విద్య నేర్పిన తరువాత 1796లో విముక్తి పొందాడు.

జేమ్స్ చెల్లెలు శాలీ హెమింగ్స్ సంతానానికి జెఫర్సన్ తండ్రి అన్న విషయం చాలాకాలం వివాదంగా ఉండేది. 1998లో జరిగిన డి.ఎన్.ఎ. పరీక్ష, ఇతర ఆధారాలను బట్టి మాంటిసెల్లోను నిర్వహించే సంస్థ, చరిత్రకారులలో అత్యధికులు దీనిని అంగీకరించారు.

విశ్రాంత జీవితము

1809 తరువాత జెఫర్సన్ ఎక్కువగా మాంటిసెల్లోలోనే గడిపాడు. 1815లో తన 6,487 గ్రంథాలను 23,950 డాలర్లకు కాంగ్రెసు గ్రంథాలయానికి అమ్మాడు. 1819లో వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, భవనాల నమూనాలు కూడా తానే రూపొందించాడు. తరగతులు 1825లో ప్రారంభమయ్యాయి.

ఆదాయం తగ్గడంతో బోర్డో మొదటి శ్రేణి వైన్‌ను తగ్గించి, దక్షిణ ఫ్రాన్సులోని రూసియోం, లిమూ, నీస్ ప్రాంతాల చవక వైన్‌ను మార్సెయిల్ రేవు ద్వారా తెప్పించుకున్నాడు. 1817లో కొత్త అధ్యక్షుడు జేమ్స్ మన్రోకు ఏ వైన్ ఎక్కడ, ఎవరి ద్వారా, ఏ ధరకు దొరుకుతుందో వివరిస్తూ ఉత్తరం వ్రాశాడు. 1819లో తీపి, పులుపు, వగరు వంటి రుచులను వేరుచేసి చెప్పే పదాలను తన మార్సెయిల్ ప్రతినిధికి వివరించాడు. ఘాటైన సారాయి తాగేవాడు కాదు. రోజుకు సుమారు మూడు గ్లాసుల తేలిక వైన్, మిత్రులుంటే మరికొంచెం పుచ్చుకునేవాడు. వైన్‌పై సుంకం తగ్గిస్తే సామాన్యులు విస్కీ మాని ఆరోగ్యకరమైన తేలిక పానీయానికి మళ్ళుతారని అతడు వాదించాడు. ఏ రకమైన మద్యమైనా ఆరోగ్యానికి హానికరమేనని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది.

అప్పులు, మరణము

1818లో మిత్రుడు విల్సన్ కారీ నికొలస్ తీసుకున్న 20,000 డాలర్ల అప్పుకు జెఫర్సన్ హామీ సంతకం చేశాడు. 1819 ఆర్థిక సంక్షోభంలో నికొలస్ దివాలా తీయగా ఆ భారం కూడా జెఫర్సన్ మీద పడింది. 1826లో ఆస్తిని లాటరీ ద్వారా అమ్మడానికి వర్జీనియా శాసనసభ అనుమతించినా ఆ ప్రయత్నం ఫలించలేదు.

స్వాతంత్ర్య ప్రకటన జరిగి సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన జూలై 4, 1826న జెఫర్సన్ తన 83వ ఏట మరణించాడు. రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కూడా అదే రోజున మరణించాడు. జెఫర్సన్ మరణించేనాటికి అతని అప్పు లక్ష డాలర్లకు మించి ఉంది. వీలునామా ద్వారా బర్వెల్ కోల్బర్ట్‌తో సహా అయిదుగురికి మాత్రమే విముక్తి లభించింది. 1827 జనవరిలో మాంటిసెల్లోలో జరిగిన వేలంలో 130 మంది బానిసలను అమ్మకానికి పెట్టారు. ఎన్నో కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. 1831లో ఇల్లు కూడా అమ్ముడుపోయింది. యజమాని ఏళ్ళ తరబడి వాయిదా వేసిన బాకీలను చివరకు చెల్లించినది ఆ 130 మంది.

జెఫర్సన్ సీసాల వివాదము

డిసెంబర్ 5, 1985న లండన్‌లోని క్రిస్టీస్ వేలంలో 1787 నాటి లాఫీత్ వైన్ అని చెప్పబడిన ఒక సీసా 1,05,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. సీసా గాజుపై జెఫర్సన్ పేరును సూచించే పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. కొన్నవారు దానిని ప్రదర్శనలో దీపాల వెలుగులో ఉంచగా, బిరడా ఎండి సీసాలోనికి జారిపోయింది. జెఫర్సన్ తన కొనుగోళ్ళన్నిటినీ జాగ్రత్తగా వ్రాసిపెట్టుకున్నాడు. అయినా ఆ సీసాల ప్రస్తావన అతని కాగితాలలో మాంటిసెల్లో పరిశోధకులకు కనబడలేదు. అదే మూలం నుండి వచ్చిన మరికొన్ని సీసాలను కొన్న ఒక అమెరికన్ 2006లో న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. ఆ అక్షరాలు విద్యుత్ పరికరంతో చెక్కినవని ఆయన నియమించిన నిపుణులు తేల్చారు.

అవి నిజమైనవే అయినా తాగడానికి పనికివచ్చే అవకాశం తక్కువ. జెఫర్సన్ లెక్క ప్రకారం 1787 లాఫీత్ 1790 నాటికే తాగడానికి సిద్ధం.

జ్ఞాపకాలు

- అమెరికా 2 డాలర్ల నోటుపైన, 5 సెంట్ల నాణెంపైన జెఫర్సన్ చిత్రం ఉంటుంది. 1938 నుండి ఆ నాణెం వెనుకవైపు మాంటిసెల్లో భవనాన్ని ముద్రిస్తున్నారు (2004, 2005 సంవత్సరాలలో దానికి బదులు ఇతర బొమ్మలు వేశారు).
- దక్షిణ డకోటాలోని రష్‌మోర్ కొండపై చెక్కిన నలుగురు అధ్యక్షులలో జెఫర్సన్ ఒకడు.
- మాంటిసెల్లోను, వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.
- జూలై 4న మాంటిసెల్లోలో వలస వచ్చినవారికి అమెరికా పౌరసత్వ ప్రమాణం చేయించే సంప్రదాయం 1963లో మొదలయింది.
- జెఫర్సన్ విఫలమైన చోటనే, అంటుకట్టిన మొక్కలతో, తెగుళ్ళ నివారణతో నేడు ఐరోపా ద్రాక్ష పండుతున్నది. వర్జీనియాలో ఆ ప్రాంతపు వైన్‌ను మాంటిసెల్లో పేరుతోనే అమ్ముతున్నారు.